తొమ్మిదో బెండు

నేను ఐదో తరగతి చదివినట్టు ఎక్కడా రుజువు లేదు. నా దగ్గరున్న బడి కాగితంలో మూడో తరగతి అని ఉంది, అదీ రెండుసార్లు చదివినట్టు. మొద్దు పిల్లల కాగితాలు అలా ఉంటాయి. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఆ కాగితం మారలేదు. మార్చమని నేనూ ఎవర్నీ అడగలేదు. అందులో ఉన్నది నిజం కాదని తెలిసినవాళ్ళు నలుగురు ఉండేవారు: మా నాన్న, మా పంతులమ్మ, మమ్మల్ని బడికి తీసుకెళ్ళే ఆయమ్మ, పక్కింటి పిల్ల. పక్కింటి పిల్ల పోయిన కార్తీకంలో చికిటిలో చనిపోయింది. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రాస్తున్నాను.

అప్పుడు బరంపురం మద్రాసు కింద ఉండేది. మాది షావుకార్ల వీధి. నాన్న కొండ పసుపు, చింతపండు టోకున అమ్మేవాడు. ఆడపిల్లల బడి మాకు నాలుగు వీధుల అవతల. మా ఇళ్ళలో ఆడపిల్లలు ఒంటరిగా అంత దూరం నడిచే రోజులు కావు. అందుకని ఇళ్ళకొచ్చి పిల్లల్ని పోగుచేసి తీసుకెళ్ళడానికి, సాయంత్రం మళ్ళీ దిగబెట్టడానికి బడివాళ్ళు ఒక మనిషిని పెట్టారు. ఆమెనే ఆయమ్మ అనేవాళ్ళం.

ఆయమ్మది మార్కండి, సముద్రం ఒడ్డు పల్లె. భర్త సముద్రంలో పోయాక బరంపురం వచ్చింది. వస్తూ భర్త వల తాలూకు పాత మోకు ఒకటి తెచ్చుకుంది. వల నీటిమీద తేలడానికి కట్టే చెక్క బెండ్లు దానికి ఇంకా అలాగే ఉన్నాయి. మోకు ఒక కొస నడుముకి చుట్టుకుని ఆమె ముందు నడిచేది. వెనక ఒక్కో పిల్ల ఒక్కో బెండు పట్టుకోవాలి. ఎవరైనా వదిలేస్తే వెనక్కి తిరగకుండానే ఆమెకు తెలిసిపోయేది.

"నీకెలా తెలుస్తాదే ఆయమ్మా?" అని అడిగితే, "వల లాగినోల్లకి తెల్దేటి, సేప జారిపోతే?" అనేది.

నాలుగు, ఐదు తరగతులకి కలిపి పెద్ద తరగతి అని పేరు. అందులో తొమ్మిది మందిమి. అందరిదీ మా వీధి, లేకపోతే పక్క వీధి. చిన్న తరగతుల వాళ్ళు బడి పక్కనున్న వేరే కులాల ఇళ్ళ పిల్లలు, తమంతట తామే నడిచి వచ్చేవారు. ఎవరి బెండు వాళ్ళది. నాది చివరిది, తొమ్మిదోది. ఎనిమిదోది పక్కింటి పిల్లది. నాకంటే ఏడెనిమిది నెలలు చిన్నది, నన్ను అప్పా, అంటే అక్కా, అని పిలిచేది. తన బెండు మీద మేకుతో ఏదో బొమ్మ గీసుకుంది. చేప అని తను అనేది, చెప్పు అని నేను అనేదాన్ని.

అమ్మ బడికి వెళ్ళలేదు. మధ్యాహ్నాలు చింతపండు పిక్కలు తీస్తూ నా చేత పాఠం చదివించుకునేది. మొదట్లో ఊరికే వినేది. కొన్నాళ్ళకి అక్షరాల మీద వేలు పెట్టి చదవమంది. నేను మూడో వాచకం పూర్తి చేసేసరికి తనూ చదివేది, నాకంటే నెమ్మదిగా, పెదవులు కదుపుతూ. ఈ సంగతి నాన్నకు తెలుసు. మామ్మకు, అంటే నాన్న తల్లికి, తెలియదు. నేను ఐదులోకి వచ్చిన ఏడు శ్రావణంలో అమ్మకు జ్వరం తగిలింది. పదకొండో రోజున పోయింది. పోయే ముందు నాన్నతో ఒకే మాట అంది.

"దాన్ని ఐదు దాకా సదివించండి."

మా బళ్ళో ఐదే ఆఖరి తరగతి. నాన్న "అలాగే" అన్నాడు.

దసరా వెళ్ళాక చట్టం మాట వినపడింది. పద్నాలుగేళ్ళు నిండకుండా ఆడపిల్లకి పెళ్ళి చేయకూడదు, చేస్తే నేరం. నాన్న కొట్లో గుమస్తా పత్రికలో చూసి చెప్పాడు. సాయంత్రానికి వీధి అరుగుల మీద అదే కబురు.

"తండ్రిని జైల్లో ఎడతారంట."

"పద్నాలుగు నిండాయో నేదో ఆళ్ళకెలా తెలుస్తాది?"

"పల్లు లెక్కెడతారంట."

"పల్లా? సంతలో ఆవుల్ని కొన్నట్టా?"

"మా అత్తకి రెండే పల్లున్నాయి. ఆవిడ పెల్లి సెల్లదనేస్తారేటి?"

అందరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు. ఇల్లు ఏడాది మైలలో ఉందని అప్పటికే ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. అమ్మ సంవత్సరీకం మళ్ళీ శ్రావణంలో. చట్టం అమలయ్యేది ఉగాదికి అటూ ఇటూగా. మా ఇంట్లో మైల తీరేసరికి చట్టం వచ్చి గుమ్మంలో కూచుంటుంది.

చట్టం మంచిదే. ఆ మాట ఇప్పటికీ అంటాను. మాలాంటి పిల్లల కోసం ఎక్కడో పెద్దలు చాలాకాలం వాదించి సాధించారు. కానీ చేసిన రోజుకీ అమలైన రోజుకీ మధ్య ఆరు నెలలు వదిలారు. ఆ ఆరు నెలలు ఎవరికి ఉపయోగపడాలని వదిలారో నాకు ఇంతవరకూ తెలియలేదు. మా వీధికి మాత్రం ఉపయోగపడ్డాయి.

మార్గశిరంలో మొదటి పెళ్ళి అయింది. పుష్యంలో ముహూర్తాలు లేవు కనక ఊరు కాస్త ఊపిరి తీసుకుంది. మాఘం వచ్చేసరికి ఏ వీధిలో చూసినా పందిళ్ళే. సన్నాయి మేళాలు చాలక రంభ ఊరి నుంచి రప్పించారు. ఒకే పందిట్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళకి చేశారు. చిన్నదానికి నాలుగేళ్ళు. బూరె చేతికిస్తే గాని పీటల మీద కూచోలేదట. పురోహితుడు ఒక పందిట్లోంచి ఇంకో పందిట్లోకి పరుగెత్తేవాడు, కండువా ఎక్కడ మరిచిపోయాడో వెతకడానికి అతని వెనక ఇంకొకరు పరుగెత్తేవారు.

నాన్న కొట్లో పసుపు కొమ్ములు మాఘం సగంలోనే అయిపోయాయి. కొండల నుంచి బళ్ళు వచ్చేదాకా ఆగలేక జనం అడుగున మిగిలిన ముక్కలు కూడా పట్టుకెళ్ళారు. బళ్ళవాళ్ళతో నాన్న ఒడియాలో మాట్లాడుతుంటే వినేదాన్ని. ఇంకా తెండి, ఇంకా తెండి అనేవాడు. వీధిలో పెళ్ళి చేయడానికి వీల్లేని ఇల్లు మాదొక్కటే. అందరి పెళ్ళిళ్ళకీ పసుపు మా ఇంటినుంచే వెళ్ళింది.

మోకు మీద బెండ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. పెళ్ళైన పిల్లని అత్తవారింటికి వెంటనే పంపరు. పెద్దమనిషి అయ్యేదాకా పుట్టింట్లోనే ఉంటుంది. అందుకని బడికి వస్తారనే నేను అనుకున్నాను. ఆయమ్మ కూడా అలాగే అనుకుని మొదటి పెళ్ళైన నాలుగో రోజున ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి కేకేసింది. ఆ పిల్ల తల్లి బయటికి వచ్చింది.

"ఇంక మా గుంట రాదు, ఆయమ్మా. పెల్లైపోనాది."

"పెల్లైతే కాల్లిరిగిపోనాయేటమ్మా?"

"అత్తోరు ఏటనుకుంటారు? పెల్లైన పిల్ల వీదిలో మోకట్టుకుని నడిస్తే బాగుంతాదేటి?" అని, కాస్త గొంతు తగ్గించి, "నువ్వు కూడా పొద్దున్నే ఈ గుమ్మంలోకి రాకు. ఏటీ అనుకోకు" అంది.

కొత్త పెళ్ళికూతురు పొద్దున లేచి బొట్టులేని ముఖం చూడకూడదు. అంతకుముందు రోజు దాకా అదే ముఖంతో అదే ఆయమ్మ అదే గుమ్మంలో నిలబడింది. ఎవరికీ పట్టలేదు. ఆయమ్మ మోకు నడుముకి సర్దుకుంది.

"అనుకోడానికేటుంది. హవు, సరే, మరి రాను" అంది.

ఆ తర్వాత ఒక్కో పెళ్ళికీ ఒక్కో గుమ్మం ఆమెకు మూసుకుంది.

పక్కింటి పిల్ల పెళ్ళి మాఘం చివర్లో. వరుడిది చికిటి. పందిరి మా అరుగు అంచుదాకా వేశారు. మైల ఇంటివాళ్ళం కనక మేము వెళ్ళకూడదు, కనబడనూ కూడదు. మామ్మ వీధి తలుపు గడియపెట్టింది. నేను రోజంతా లోపల కూచుని సన్నాయి విన్నాను. సాయంత్రం దొడ్లోకి వెళ్తే రెండిళ్ళకీ మధ్య గోడ మీంచి తను తల పెట్టింది. ఏ రోలో ఎక్కినట్టుంది. నుదుటి నిండా కుంకం, మెడ నిండా పసుపు.

"నువ్వు రావేటి, అప్పా?"

"మైల."

తను గోడ మీద మోచేతులు ఆన్చింది.

"మీ అమ్మ ఇంకో ఆర్నెల్లుంటే నీకూ పెల్లైపోయీది కదా" అంది. నా మీద జాలితోనే అంది. తర్వాత లోపల్నుంచి ఎవరో పిలిస్తే దిగిపోయింది.

ఆ మాట నేను చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. అందులో తప్పేమీ లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది.

మర్నాటి నుంచి మోకుకి నేనొక్కదాన్నే. ఆయమ్మ మా గుమ్మంలోకి మాత్రం నిస్సంకోచంగా వచ్చేది. "మీ ఇంటికైతే నాను రావొచ్చు. మీదీ నా లాటి ఇల్లే ఈ ఏడు" అనేది. మామ్మ ముఖం తిప్పుకునేది. మొదటి రోజు నేను నా బెండే పట్టుకుంటే, ఆయమ్మకీ నాకూ మధ్య ఎనిమిది బెండ్లు నేలమీద దొర్లుతూ చప్పుడు చేశాయి.

"ముందుకొచ్చీ. మొదటిది పట్టుకో" అంది ఆయమ్మ.

"నాది ఇదే."

"సరే, అలాగే ఉండు" అని నడిచింది.

బజారు మలుపులో ఎండుచేపల కొట్టతను రోజూ చూసేవాడే. ఆ రోజు చూసి ఊరుకోలేదు.

"ఏటాయమ్మా, ఇయ్యాల నీ వల్లో ఒక్క సేపేనా?"

"ఒక్కటైనా బతికున్న సేప. నీ కొట్లో అన్నీ సచ్చినవే కదేటి" అంది ఆయమ్మ, ఆగకుండా.

తరగతిలో చాప మీద నేను, ఎదురుగా పంతులమ్మ. ఆమెది శ్రీకాకుళం వైపు. చిన్నప్పుడే భర్త పోతే అన్నగారి ఇంట్లో ఉండి చదువుకుని, ట్రైనింగు చేసి వచ్చింది. ఒక్కదానికి కూడా తొమ్మిది మందికి చెప్పినంత గట్టిగానే చెప్పేది. ప్రతి ప్రశ్నా నాకే. పద్యం అందరూ కలిసి చదవాలి అని పుస్తకంలో ఉంటే నేనొక్కదాన్నే కలిసి చదివేదాన్ని. హాజరు పిలిచేటప్పుడు మాత్రం తొమ్మిది పేర్లూ పిలిచేది. పేర్లు పట్టీలో ఉన్నంతకాలం పిలవాలి. ఒక్కో పేరు తర్వాత జవాబు రావడానికి పట్టేంతసేపు ఆగేది. చివరికి నా పేరు వస్తే ఉన్నానని చెప్పేదాన్ని.

ఫాల్గుణం మొదట్లో పురోహితుడు మా ఇంటికి వచ్చాడు. మామ్మే పిలిపించింది. కన్యాదానానికి ఏడాది మైల అడ్డు కాదన్న వాళ్ళూ ఉన్నారని, మరీ అవసరమైతే శాంతి చేసుకుని చేయవచ్చని అన్నాడు. వరుడు కూడా ఉన్నాడు. అమ్మ అన్నగారు రంభలో ఉండేవాడు, ఆయన కొడుకు. ఆ మధ్యాహ్నం నాన్న భోజనానికి కూచోగానే మామ్మ మొదలుపెట్టింది.

"రంభ నుంచి కబురొచ్చింది. ఆళ్ళు సిద్దంగానే ఉన్నారు. ఈ నెల్లో ఇంకా మూడు ముహూర్తాలున్నాయి."

నాన్న అన్నం కలుపుతున్నాడు.

"ఉగాది దాటితే ఇంకో నాలుగేళ్ళు. నాలుగేళ్ళు ఈ గుంటని ఎవరు సూస్తారు? అంతదాకా నాను ఉంతానా? దాని తల్లి ఉన్నాదా?"

"ఐదు దాకా సదివిస్తానన్నాను."

"ఎవరితోటి?"

నాన్న గోడవారనున్న చింతపండు బుట్ట వైపు చూశాడు. మామ్మకు అర్థమైంది.

"పోయినోళ్ళకేటి తెలుస్తాదిరా, ఐదో ఆరో."

"నాకు తెలుస్తాది" అన్నాడు నాన్న. చెయ్యి కడుక్కుని కొట్టుకి వెళ్ళిపోయాడు.

ఇది జరిగిన వారానికి పంతులమ్మ నన్ను సాయంత్రం ఆగమంది. ఆయమ్మ కూడా ఉంది. నెల మధ్యలో తనిఖీకి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందని చెప్పింది. బడికి మద్రాసు నుంచి సర్కారు సొమ్ము వస్తుంది. ఒక తరగతికి ఇంతమంది పిల్లలుండాలని, ఉంటేనే ఆ తరగతికి వేరే పంతులమ్మ జీతం ఇస్తారని రూలు. లేకపోతే తరగతి ఎత్తేస్తారు. పిల్లలు లేని బళ్ళకి సొమ్ము పోకుండా పెట్టిన రూలు అది. అది కూడా మంచిదే.

పెద్ద తరగతి పోతే ఐదు పోతుంది. ఐదు పోతే నాన్న ఇచ్చిన మాటకి నిలబడే చోటు ఉండదు. అప్పుడు రంభకి కబురు వెళ్తుంది. పదేళ్ళకి నాకు ఈ వరస స్పష్టంగా తెలుసు.

"ఆ ఒక్క రోజుకి ఎనిమిది మందీ వచ్చి కూచుంటే చాలు. తర్వాత ఎలాగో నెట్టుకొస్తాను" అంది పంతులమ్మ. "ఇళ్ళకెళ్ళి అడగాలి."

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పంతులమ్మ విధవ. ఆయమ్మ విధవ. నేను మైల ఇంటి పిల్లని. కొత్త పెళ్ళికూతురున్న ఇంటి గుమ్మం ఎక్కడానికి మా ముగ్గురిలో ఒక్కరూ పనికిరారు. పంతులమ్మ చీటీ రాసి పంపుదామంది. ఆ ఇళ్ళ ఆడవాళ్ళలో చీటీ చదవగలిగేది ఆ పిల్లలే. పెద్దవాళ్ళు వాళ్ళని చదవనివ్వరు.

"గాజులామె ఉన్నాది కదేటి" అంది ఆయమ్మ.

గాజులామె ఆ రెండు నెలలూ రోజూ మా వీధిలోనే ఉండేది. నిండు ముత్తైదువ. పెళ్ళిళ్ళు జరిగిన ఏ ఇంట్లోకైనా ఎప్పుడైనా వెళ్ళగలదు. మర్నాడు మా దొడ్డి సందులో ఆయమ్మ ఆమెని ఆపి చెప్తుంటే నేను పక్కనే ఉన్నాను.

"బడికి తనికీ వస్తన్నారు. పిల్లల్ని ఒక్క రోజు పంపమని సెప్పు."

"తనికీ అంటే ఏటి?"

"మద్రాసోల్ల పెద్దమ్మగారొచ్చి పిల్లల్ని సూసి ఎల్తాది."

"సూసి ఎల్తాదా? ఓస్, అంతేనా. సూడ్డానికైతే ఎందుకు పంపరు? నాను సెప్తాను కదా" అని గంప ఎత్తుకుంది.

చెప్పింది కూడా. ఎనిమిది ఇళ్ళూ ఒప్పుకున్నాయి. ఆ రాత్రి పంతులమ్మ నిద్రపోయి ఉంటుంది. నేనైతే నిద్రపోయాను.

తనిఖీ రోజున నేనూ ఆయమ్మా ముందుగా వెళ్ళాం. పంతులమ్మ తొమ్మిది పలకలు తుడిచి వరసగా పెట్టింది. కాసేపటికి బయట బండి ఆగిన చప్పుడు, గజ్జెల చప్పుడు. మొదటి పిల్ల వచ్చింది. పట్టుచీర మూడు చుట్లు చుట్టి నడుం దగ్గర మడిచి కట్టారు. కాళ్ళకు పసుపు, పారాణి. మెడలో మంగళసూత్రాలు, నల్లపూసలు, పైన ఇంట్లో ఉన్న నగలన్నీ. మోచేతుల దాకా కొత్త గాజులు. వెనక ఆమె పిన్ని, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో తాంబూలం. తర్వాత రెండో పిల్ల, అలాగే. మూడో పిల్ల, అలాగే.

మద్రాసు పెద్దింటి అమ్మగారు బరంపురం పెళ్ళికూతుళ్ళని చూడ్డానికి వస్తోందని గాజులామె చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు. పెద్దమ్మగారు వచ్చి ఆడపిల్లల్ని చూసి వెళ్తుంది అంటే ఆమెకు తెలిసిన అర్థం అదొక్కటే. ఆ తల్లులకీ అంతే. పైగా పెళ్ళైన ఏడాదిలోపు ఆడపిల్ల ఆ నగలూ పసుపూ లేకుండా గడప దాటకూడదు. ముందురోజు ఎనిమిది ఇళ్ళలోనూ కొత్త గాజులు వేసింది గాజులామే.

పంతులమ్మ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

పక్కింటి పిల్ల చివర్న వచ్చింది. పట్టుచీర మీద పలక సంచీ తగిలించుకుంది. తనొక్కతే సంచీ తెచ్చింది. అలవాటు ప్రకారం నా పక్కన కూచుంది.

"ఎలా ఉన్నాను?" అంది మెల్లగా.

"బాగున్నావు" అన్నాను. నిజంగానే బాగుంది.

ఇన్‌స్పెక్టరమ్మ తెల్లచీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, బూట్లతో వచ్చింది. తెలుగు బాగా మాట్లాడేది. గుమ్మంలో ఆగి ఎంతసేపు చూసిందో చెప్పలేను. పిల్లల పిన్నులూ అత్తలూ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఒకామె సైగ చేస్తే మొదటి పిల్ల లేచి తాంబూలం తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టి కాళ్ళకి దణ్ణం పెట్టింది. తమలపాకులు ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు. బల్ల మీదున్న హాజరు పట్టీ మీద పెట్టింది. తర్వాత పట్టీ తెరవడానికి మళ్ళీ తీసి పక్కన పెట్టింది.

పట్టీలో ఎనిమిది పేర్ల ఎదురుగా ఎవరి పెళ్ళినాటి నుంచి వాళ్ళకి గైరుహాజరు గుర్తులే. పంతులమ్మ ఒక్కటి కూడా దిద్దలేదు.

"వీళ్ళు రేపు కూడా వస్తారా?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

పంతులమ్మ నోరు తెరిచేలోపే కిటికీలోంచి ఒకామె చెప్పింది.

"రేపెందుకండీ? సూసీసేరు కదేటి?"

ఇన్‌స్పెక్టరమ్మ వాచకం తీసి పక్కింటి పిల్ల చేతికిచ్చింది. తను వేలు పెట్టి రెండు వాక్యాలు చదివింది, తప్పు లేకుండా. మూడో వాక్యానికి గాజులు జారి పేజీ మీద పడ్డాయి. వాటిని పైకి తోసుకుంటుంటే కిటికీలోంచి తన మేనత్త, "సాలమ్మా. పెల్లికూతురు గట్టిగా మాటాడకూడదు" అంది. తను పుస్తకం మూసి అందరి వైపూ చూసి నవ్వింది.

"పెళ్ళి కానివాళ్ళు నిలబడండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

నేను నిలబడ్డాను.

"మీ నాన్నగారు చట్టం కోసం ఆగారా?" అని అడిగింది. ఆమె ముఖంలో ఆశ కనిపించింది. ఔనని చెప్పి ఉంటే బాగుండేదేమో.

"కాదండి. మా అమ్మ పోయిందండి."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ చట్టం మీ కోసమేనమ్మా" అంది. నాతో అందో, వాళ్ళతో అందో తెలియదు. తర్వాత కూచుని రాసింది. పెద్ద తరగతి ఈ నెలాఖరు దాకానే. రెండో పంతులమ్మ జీతం ఆగుతుంది. పైవాళ్ళ రూలు అది, ఆమె చేతిలో ఏమీ లేదు.

కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది.

"ఐదే నేదంట కదా. ఇంకేటి సదివిస్తావు?" అంది మామ్మ నాన్నతో. గొంతులో కోపం లేదు. పని తేలిపోయిన మనిషిలా ఉంది. "ఆఖరి ముహూర్తానికి ఇంకా తొమ్మిది రోజులుంది. రేపు రంభకి మనిషిని పంపుతాను."

"రేపు సాయంత్రం పంపు" అన్నాడు నాన్న.

మర్నాడు నేను ఒక్కదాన్నే చాప మీద ఉండగా నాన్న బడికి వచ్చాడు. ఆడపిల్లల బళ్ళోకి మగవాళ్ళు రారు. చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడ్డాడు. పంతులమ్మ తలుపు వారగా నిలబడింది.

"మా పిల్ల పేరు బళ్ళో ఉండాలండి."

"ఐదు లేదండి ఇంక."

"ఏది ఉంటే దాన్లో."

"పై తరగతులు రెండూ పోయాయి. మిగిలింది మూడు. చిన్న తరగతుల పంతులమ్మని పంపేస్తున్నారు, ఇక అవన్నీ నేనే చూడాలి. మూడులో కూచోబెట్టి ఐదు పాఠాలు చెప్పగలను. కానీ కాగితంలో మూడు అనే పడుతుంది. ఇప్పటికే ఒకసారి చదివింది కనక తప్పిపోయి మళ్ళీ చదివినట్టు పడుతుంది. తర్వాత ఎప్పటికీ మార్చడానికి అవదు."

నాన్న నా వైపు చూశాడు. నేను ఏదో అనాలని చూశాడో, ఊరికే చూశాడో. నేను వాచకం ఒళ్ళోకి లాక్కున్నాను.

"కాగితం వద్దండి. పాఠాలు చెప్పండి" అన్నాడు.

సాయంత్రం మామ్మ రంభకి పంపాల్సిన మనిషి అరుగు మీద కూచుని ఉన్నాడు. నాన్న అతన్ని ఇంటికి పంపేశాడు.

"దాని పేరు బళ్ళో ఉంది."

"ఏ తరగతిలో?"

"పేరుంది."

మామ్మ రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను లెక్కపెట్టాను. ముహూర్తం వెళ్ళిపోయింది. తర్వాత ఉగాది వచ్చింది. మైల కనక మా ఇంట్లో పండగ చేసుకోలేదు. చట్టం అమల్లోకి వచ్చిందని గుమస్తా చెప్పాడు. వీధిలో ఏమీ మారలేదు. చట్టం ఆపడానికి అక్కడ పెళ్ళి కాని పిల్ల నేనొక్కదాన్నే ఉన్నాను.

ఏడెనిమిదేళ్ళ పిల్లల వెనక గోడవారగా కూచుని నేను ఐదో వాచకం చదివాను. వాళ్ళు కాపీ రాసుకునే వేళల్లో పంతులమ్మ నా దగ్గరికి వచ్చి వంగి చెప్పేది. ఇద్దరం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం, ఏదో చేయకూడని పని చేస్తున్నట్టు. అమ్మ సంవత్సరీకానికి ముందే పుస్తకం పూర్తయింది. చివరి పాఠం ఇంట్లో, చింతపండు బుట్టల దగ్గర చదివాను. పైకి చదవలేదు.

పదహారో ఏట నాకు పెళ్ళైంది, రంభలో కాదు. పక్కింటి పిల్ల పదమూడో ఏట చికిటి వెళ్ళింది. తర్వాత మేము కలుసుకున్నది తక్కువ. పెద్దయ్యాక ఒకసారి ఏదో కాగితం మీద వేలిముద్ర వేస్తుంటే చూశాను. "అదేటే?" అన్నాను. "మర్సిపోనాను అప్పా. ఎప్పుడో" అని నవ్వింది. దాచుకోవాల్సిన సంగతి అని ఆమెకు అనిపించలేదు. నేనే ముఖం తిప్పుకున్నాను.

ఆ ఏటి ఉగాది మర్నాడు బడి తెరిచారు. ఆయమ్మ మా గుమ్మంలోకి వచ్చి కేకేసింది. నేను దిగి నా బెండు పట్టుకున్నాను. మోకు నేల మీద సాగింది. పక్కింటి అరుగు మీద తను కూచుని ఉంది. పొద్దుటే తల దువ్వి పూలు పెట్టారు. మేము దగ్గరికి రాగానే అరుగు దిగింది. ఏమీ అనకుండా వంగి, తన బెండు వెతుక్కుని, బొమ్మ మీద మట్టి బొటనవేలితో తుడిచి పట్టుకుంది. నా ముందు నడిచింది. ఆయమ్మ వెనక్కి తిరగలేదు. కానీ నడక నెమ్మది చేసింది.

వాళ్ళ గోడ చివరిదాకా వచ్చేసరికి లోపల్నుంచి వాళ్ళమ్మ పిలిచింది. తను వదిలేసింది. బెండు నేలని తాకింది. ఆయమ్మ ఆగలేదు, నేనూ ఆగలేదు.